ఎవరో చెప్పిండ్రంట

నా ఉద్యోగం ఏమిటని చుట్టాల్లో ఎవరైనా అడిగితే మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు "కంప్యూటర్ పని" అని ఊరుకుంటున్నాను. చెప్పినా నమ్మరు కాబట్టి. అమెరికాలో ఎవరికో దగ్గొస్తే హైటెక్ సిటీలో కూర్చుని నువ్వేం చేస్తవే, అని నవ్వుతారు. చేసేది ఉంది. అక్కడి డాక్టరు రోగిని చూసి రాసిన కాగితం నా తెర మీదికి వస్తుంది. అందులో ఏ జబ్బు ఉందో చదివి, ఆ జబ్బుకు ఖాయం చేసిన నంబరు వేయాలి. దాన్ని బట్టి అక్కడి ఇన్సూరెన్సు వాళ్లు బిల్లు కడతారు. మెడికల్ కోడింగ్ అంటారు దీన్ని. బీఎస్సీ చదివి, అమీర్‌పేటలో కోర్సు చేసి ఇందులో పడ్డాను. పడ్డదాన్ని పడ్డట్టే ఉన్నాను.

ఆ కాగితాల్లో నన్ను మొదట విసిగించింది జబ్బుల పేర్లు కాదు, వాక్యాలు. మనిషి లేని వాక్యాలు. "ఇట్ ఈజ్ బిలీవ్డ్ దట్", "ఇట్ వాజ్ నోటెడ్ దట్", "ద పేషెంట్ ఈజ్ రిపోర్టెడ్ టు హావ్ ఫాలెన్". నమ్ముతున్నారు సరే, ఎవరు నమ్ముతున్నారు? రోగి పడ్డాడని చెప్పారు, ఎవరు చెప్పారయ్యా? పెళ్లామా, పక్కింటివాడా? ఒక్కరి పేరూ ఉండదు. నమ్మకం దానంతటదే పైనుంచి ఊడిపడ్డట్టు రాసేస్తారు. డిగ్రీలో మా ఇంగ్లీషు సారు ఇలాంటివే ఇచ్చి తెలుగులోకి మార్చమనేవాడు. "చెప్పబడుచున్నది", "నమ్మబడుచున్నది" అని రాసేవాళ్లం. మా ఇంట్లో, మా వాడలో, నేనెరిగిన భూప్రపంచంలో "నమ్మబడుచున్నది" అని నోటితో అన్న మనిషిని నేను చూడలేదు. మార్కులు మాత్రం పడేవి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆఫీసులో అలాంటి కాగితం వచ్చినప్పుడల్లా తెరను తిట్టేదాన్ని. మా పని సరిచూసే క్వాలిటీ మేడమ్‌ది గోదావరి జిల్లా. మెత్తటి మనిషి. ఒకరోజు నా కుర్చీ వెనక నిలబడి విని నవ్వింది.

"ఎందుకండీ అంత కోపం? ఆ డాక్టరేం తప్పించుకుని పోవట్లేదండి. ఖాయంగా తెలియనిది తెలిసినట్టు రాయలేడు కదా పాపం."

"అట్లయితే నాకు తెల్వదు అని రాయొచ్చు కద మేడమ్?"

"అది రాయడానికి ఇంకా పెద్ద గుండె కావాలండి" అంది.

మా పనిలో ఒక నియమం ఉంది. మా జట్టుకు వచ్చేవి, ఆస్పత్రిలో చేరకుండా చూపించుకుని వెళ్లిపోయే రోగుల కాగితాలు. అందులో డాక్టరు "అనుమానం", "అయ్యుండొచ్చు", "అని భావించబడుతోంది" అని రాస్తే మేం ఆ జబ్బుకు నంబరు వేయకూడదు. దగ్గుంటే దగ్గుకు, నొప్పుంటే నొప్పికి వేసి ఊరుకోవాలి. అంటే కాగితం మీద చావు వాసన కొడుతున్నా సరే, ఖాయంగా రాయనంత వరకు ఆ మనిషికి కడుపునొప్పే. కొత్తల్లో ఇదేం చోద్యం అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.

ఇంగ్లీషులో అంత పొడుగు వాక్యం చేసే పనిని మనవాళ్లు ఒక్క చిన్న తోకతో చేసేస్తారు. అంట. వస్తాడంట, పోయాడంట, ఉందంట, లేదంట. ఎవరన్నారని అడిగితే చెప్పినవాడికే తెలియదు. మా వాడలో పొద్దున నల్లా దగ్గర బయలుదేరిన "అంట" మధ్యాహ్నానికి మెట్రో స్టేషన్ దాకా పోయి, సాయంత్రం కొమ్ములు మొలిచి ఇంటికి తిరిగొస్తుంది. అన్నేళ్లు దాన్ని నేను సరదాగానే చూశాను. అక్కకు జబ్బు చేసేదాకా.

మేం ముగ్గురం. అన్న పెద్ద, తర్వాత అక్క, చివర నేను. నాన్న మెదక్ దిక్కు నుంచి బిల్డింగు పనికి వచ్చి, ఈ ఊళ్లోనే మమ్మల్ని పెంచి, ఈ ఊళ్లోనే పోయాడు. అమ్మ ఆయనకంటే ముందే పోయింది. నాన్న పోయాక ఇంట్లో ఏ మాటైనా అన్నదే. పుప్పాలగూడలో ఒక పెద్ద అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ సూపర్‌వైజరు ఆయన. గేటు దగ్గర ఎంత గట్టిగా ఉంటాడో ఇంట్లోనూ అంతే. నేను ప్రగతి నగర్‌లో కిరాయికి ఉంటున్నాను. అక్క మూసాపేటలో. బావ కంపెనీ క్యాబ్ నడుపుతాడు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ బాధనంతా అక్క మిషను మీద తొక్కేసేది.

అక్క బ్లౌజులు కుట్టేది. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, గోడకు మేకులు, మేకులకు సంచులు. ఒక్కో సంచిలో ఒక్కొక్కరి బట్ట. అపార్ట్‌మెంట్ల నుంచి సాఫ్ట్‌వేర్ ఆడవాళ్లు కార్లేసుకుని ఆ సందులోకి వచ్చేవాళ్లంటే ఆమె చేతిలో ఏముందో అర్థం చేసుకోండి. నాకూ ఆమే కుట్టేది. కొలత తీసుకోకుండానే. "నీ ఒళ్లు నాకు తెల్వదా, చిన్నప్పటిసంది చంకల మోసిన" అనేది. అలా అని వేళకు ఇచ్చేదా? ఊహూ. సొంత చెల్లెలి బ్లౌజు ఎప్పుడూ అందరికంటే ఆఖరే. ఆ మాట మీద మేమిద్దరం పోట్లాడుకోని పండగ లేదు.

ఉగాది దాటాక అక్క కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. ఎక్కడో ఆకు పసరు పోస్తారంటే బావ తీసుకుపోయాడు. పోయించుకొచ్చి పథ్యం చేసింది. తగ్గలేదు. ఒళ్లంతా దురద, అన్నం సయించదు, మనిషి సగమైంది. అప్పుడు దవాఖానకు తీసుకుపోయి స్కానింగ్ తీయించాం. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కదాన్నే కాబట్టి బావ దాన్ని ఫోటో తీసి నాకు పంపాడు.

ఆఫీసులో భోజనాల వేళ చూశాను. ప్యాంక్రియాస్‌లో గడ్డ కనిపించింది. కాలేయంలో మచ్చలు కనిపించాయి. అవి ఆ గడ్డ నుంచి పాకిన జబ్బుగా భావించబడుతున్నాయి. ఎవరు భావిస్తున్నారో రాయలేదు. జన్మలో మొదటిసారి ఆ వాక్యం నాకు ముద్దొచ్చింది. భావించబడుతోంది అంతే కదా, ఖాయం కాదు కదా అనుకున్నాను. నా నియమం ప్రకారం మా అక్కకు ఇంకా కామెర్లే. అన్న ఫోన్ చేసి "ఏమున్నది చెల్లె రిపోర్ట్‌ల?" అంటే, "ఏందో గడ్డ లెక్క ఉన్నదంట అన్నా, ఇంక టెస్ట్ చెయ్యాల్నంట" అన్నాను. ఆ వాక్యాలను అన్నేళ్లు తిట్టిపోసిన నేనే వాటి వెనక నక్కి కూర్చున్నాను.

తర్వాత ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టులో భావించడాలూ నమ్మడాలూ లేవు. జబ్బు పేరుంది. కింద డాక్టరు పేరూ సంతకమూ ఉన్నాయి.

దవాఖాన వరండాలో పెద్ద డాక్టరు అన్ననూ నన్నూ పక్కకు పిలిచాడు. బావ లోపల అక్క దగ్గర ఉన్నాడు. "ఆపరేషన్‌కు కుదరదమ్మా. దాటిపోయింది. నొప్పికి మందులిస్తాం. ఇంటికి తీసుకెళ్లి మంచిగా చూసుకోండి" అన్నాడు. ఎన్నాళ్లు అని అన్న అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపి, "పేషెంటుకు చెప్పాలో వద్దో మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

అన్న గోడకానుకున్నాడు. యూనిఫాం మీదే వచ్చాడు, టోపీ చేతిలో నలిగిపోతోంది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"దానికి చెప్పొద్దు. బావకు నేను చెప్త. దానికి మాత్రం ఎవ్వరు చెప్పొద్దు. తెలిస్తె దిల్ పడిపోతది, రేపే పోతది."

"అన్నా, అది చిన్నపిల్లనా..."

"నువ్వు ముఖ్యంగ. నీ నోట్ల నువ్వుగింజ నానదు. నా మీద ఒట్టెయ్."

నా చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. అందరూ చూస్తున్నారు. పెద్దవాడు, నాన్న తర్వాత నాన్నలాంటివాడు, ఆయన కళ్లలో నీళ్లు. ఒట్టు అన్నాను. ఏమనమంటారు మరి?

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అంతా "అంట"మయం. గడ్డ చిన్నదేనంట. మందులతోని కరుగుతదంట. చూడవచ్చిన ప్రతి మనిషీ ఒక "అంట" చేతిలో పట్టుకుని వచ్చేవాడు. మా మేనత్త కొడుకుకు గిట్లనే అయితే లేచి తిరుగుతుండంట. ఫలానా గుళ్లో మొక్కితే పోతదంట. బొప్పాయి ఆకు రసం తాగాల్నంట. వాళ్ల మొహాలు చూస్తే నాకు ఒళ్లు మండేది. గుమ్మం దాటి చెప్పులేసుకునేటప్పుడు బావతో ఏమనేవాళ్లో నాకు వినబడేది మరి. "పాపం, ఇగ ఆశల్లేవంట గద" అని. అదే నాలుక, లోపలొకటి, బయటొకటి.

అక్క వాళ్లందరి మాటలూ విని, తల ఊపి, మిషను దగ్గరికి పోయేది. మందు వేసుకున్నాక నొప్పి కాస్త తగ్గుతుంది కదా, ఆ కాసేపట్లో ఒక చెయ్యి కుట్టేది, ఒక హుక్కు పెట్టేది. ఒళ్లు పచ్చగా, కాళ్లకు నీరు, అయినా పాదం పెడలు మీదే. బావ వద్దంటే "తగ్గుతదంట గద, ఊకె ఎందుకు పండుకోవాలె?" అనేది. మా అబద్ధం మాకే అప్పజెప్పేది.

ఆషాఢం వచ్చింది. సందులో బోనాల మైకులు మొదలయ్యాయి. ఆషాఢమంటే కుట్టుపని వాళ్లకు శ్రావణం పెళ్లిళ్ల బట్టలు తీసుకునే నెల. ఆ నెల తీసుకుని ఆ నెలే కోస్తే తప్ప వచ్చే నెల పెళ్లికి అందవు. అపార్ట్‌మెంటులో ఉండే ఒకావిడ, కోస్తా వైపు మనిషి, కూతురి పెళ్లి పట్టుచీరల బ్లౌజు ముక్కలన్నీ తెచ్చి అక్కకే ఇచ్చింది. తగ్గుతుందని ఆమెకూ ఎవరో చెప్పారు మరి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అక్కకు కుట్టు నేర్పిన ముసలమ్మ ఒకావిడ ఆ పక్క సందులోనే ఉండేది. ఒకనాడు మిషను ముందే కూలిపోయింది. ఆమె ఇంట్లో ఊళ్లోవాళ్ల బట్టలు ఎన్ని ఉండిపోయాయో. ఎవరూ రాలేదు వాటి కోసం. చావు మైల పడ్డ బట్ట శుభానికెలా కడతారు? ఒక పెళ్లికూతురి తల్లి మాత్రం గేటు దాకా వచ్చి, లోపల మేకుకు వేలాడుతున్న జరీ బట్ట చూసి ఏడ్చి, ముట్టకుండానే వెళ్లిపోయింది. అక్క అప్పుడు అక్కడే ఉంది. "సస్తె సావనీ గాని, పరాయోళ్ల బట్ట ఇంట్ల పెట్టుకొని సావొద్దు" అని అప్పుడే అనుకుందట. ఆ మాట నాతో చాలాసార్లు అంది. మా వాడలో కుట్టుపని వాళ్లది ఇంకో పట్టింపు కూడా ఉంది. ఒకరు కోసిన బట్టను ఇంకొకరు కుట్టరు. కోత ఎవరిదో కుట్టూ వాళ్లదే. చెడిపోతే పేరెవరిదని పేచీ.

నాకు సెలవైన రోజు మధ్యాహ్నం వెళ్లాను. బావ డ్యూటీకి పోయాడు. అక్క కింద చాప మీద కూర్చుని ఉంది. ముందు ఆ పెళ్లిపిల్ల పట్టు ముక్క పరిచి ఉంది, మామిడిపండు రంగుది, అంచు ఎర్రది. సుద్దతో గీతలు గీసింది. కత్తెర చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి అలా కూర్చుందో తెలియదు. నేను చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నా కత్తెర కదల్లేదు.

"జర చెప్పవే" అంది. "కత్తెర పెట్టాల్నా వద్దా?"

"ఏందక్కా?"

"నేను కోస్తె ఎవ్వరు కుట్టరు. కోసి కుట్టకపోతె ఆ పిల్ల పెండ్లి బట్ట ఖరాబైతది. ఇంట్ల ఉండంగ నాకేమన్న అయితె వాళ్లు ముట్టరు. అందుకే అడుగుతున్న. పెట్టాల్నా వద్దా?"

నేను ఎప్పటిలాగే మొదలుపెట్టాను. "మందులు పనిజేస్తున్నయంట అక్కా. డాక్టర్..."

"ఆపు."

అక్క నన్నెప్పుడూ అలా కసరలేదు. తిట్టేది, కొట్టేది, కానీ ఆ గొంతు వేరు.

"అన్నడంట, ఉన్నదంట, తగ్గుతదంట. మూడు నెలల సంది ఇదే. ఎవరన్నరో ఒక్కలు చెప్పరు. డాక్టర్ నాతోని మాట్లాడడు, అన్నతోని మాట్లాడతడు. అన్న బావతోని, బావ గోడతోని. నువ్వు ఆ కాయితం సదివినవ్. ఊరి పేరు తెల్వనోళ్ల జబ్బులు సదివి నంబర్లేస్తవ్ గద, మీ అక్కది సదవరాదా? వాళ్లేమన్నరు అని అడుగుతలేనే. నువ్వేమంటవ్?"

కత్తెర ఆ గీత మీదే ఉంది. ఫ్యాన్ గాలికి పట్టు ముక్క అంచు లేస్తోంది, అక్క ఎడమచేత్తో దాన్ని ఒత్తి పట్టుకుంది. ఆ చేతి మీద చర్మం ఎంత వదులుగా అయిపోయిందో. నా చెయ్యి అన్న నెత్తిన పెట్టిన సంగతి నాకు తెలుసు. మరిచిపోలేదు. మరిచిపోయి నోరు జారానని చెప్పుకుంటే అది మళ్లీ అబద్ధమవుతుంది.

"కత్తెర పెట్టకక్కా" అన్నాను.

అంతే అన్నాను. అక్క కత్తెర పక్కన పెట్టి, సుద్ద గీతలు అరచేత్తో దులిపి, ఆ ముక్కను మడత మీద మడత పెట్టింది, కొత్త బట్టను కొట్టువాడు మడిచినంత నేర్పుగా. సంచిలో పెట్టింది. నేను ఏడుస్తుంటే "ఒర్రకు, పక్కోళ్లు వస్తరు. పోయి చాయ్ పెట్టు" అంది. చాయ్ పెట్టాను. అక్కకు చాయ్ ఇమడటం మానేసి చాలా రోజులైంది, అయినా రెండు గుక్కలు తాగింది.

"ఎప్పుడు తెల్సింది నీకు?" అంది.

చెప్పాను.

"నాకు అప్పుడే చెప్తె బోనాల బట్టలు కూడ తీస్కోకపోదును" అంది. తన చావు వార్త విని ఆమె నన్ను నిష్ఠూరమాడింది ఆ ఒక్క మాటే.

ఆ సాయంత్రమే ఫోన్ తీసుకుంది. ఒక్కొక్క సంచీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది. ఆరోగ్యం బాలేదనో, ఊరికి పోతున్నాననో అనొచ్చు. నేను అలాగే అనమన్నాను కూడా. ఊహూ. "అమ్మా, నేను బతకను. మీ బట్ట నా ఇంట్ల ఉండొద్దు. రేపచ్చి తీస్కపోండ్రి" అంది. అవతల వాళ్లు ఏమనేవాళ్లో, ఈమె మాత్రం "అయ్యో లేదమ్మ, అంట గాదు, నిజమే" అని వాళ్లనే ఊరడించేది. నేను వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకుని నిలబడ్డాను.

జనం వచ్చారు. కొందరు అక్క మొహం చూడలేక గుమ్మంలోనే సంచి అందుకుని పోయారు. ఆ మామిడిపండు రంగు పట్టు ఇచ్చిన కోస్తావిడ మాత్రం లోపలికొచ్చి కింద కూర్చుంది.

"నాకలాంటి పట్టింపులు లేవండి. మీకు ఓపికున్నంత వరకే కుట్టండి, ఎంతయితే అంతే. మా అమ్మాయి మీ చేతి బ్లౌజే వేసుకుంటానంటోందండి" అంది.

"మీకు లేదమ్మా, నాకున్నది" అంది అక్క. "పిల్ల పెండ్లిల ఎవరన్న ఒక్కరు ఆ బ్లౌజు దిక్కు జూసి, ఇది కుట్టినామె సచ్చిపోయిందంట అని అంటే? అనొద్దు. తీస్కపోండ్రి."

ఆవిడ సంచి గుండెకు హత్తుకుని ఏడ్చుకుంటూ వెళ్లింది. అక్క ఖాళీ మేకుల వైపు చూసి, "ఇగ అయిపాయె" అని మంచమెక్కింది. మళ్లీ దిగలేదు.

మర్నాడు అన్న వచ్చాడు. కబురు ఆయనకు ఎలా చేరిందో నాకు తెలియదు, చేరింది. గుమ్మంలోంచే అరిచాడు.

"ఎవరు చెప్పిండ్రు దీనికి?"

నేను అక్క కాళ్లు ఒత్తుతున్నాను. నోరు తెరిచాను. అక్క దుప్పటి కింద నుంచి నా వేలు పట్టుకుని నొక్కింది, నొప్పి పుట్టేలా.

"ఎవ్వరు చెప్పలే అన్నా. నాకే తెల్సింది" అంది. "నా పానం సంగతి నాకు తెల్వదా?"

అన్న అక్కడే కూలబడి, ఆమె పక్కన తల పెట్టి ఏడ్చాడు. అక్క ఆయన తల నిమిరింది. నెలల తరబడి ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నటించారు కదా, ఆ రోజు తర్వాత నటన ఆగిపోయింది. అన్న రోజూ డ్యూటీ దిగి వచ్చేవాడు. చిన్నప్పుడు బిల్డింగుల దగ్గర ఇసుక కుప్పల మీద ఆడుకున్న సంగతులు చెప్పుకునేవాళ్లు. అక్క నవ్వేది కూడా. అదొక్కటి చూశాను, అంతవరకు నా కళ్లు చల్లన. ఆషాఢం పోకముందే అక్క పోయింది. ఇంట్లో పరాయివాళ్ల గుడ్డ పీలిక కూడా లేదు.

పదోరోజు వంటలు జరుగుతున్నాయి. ఆడవాళ్లం ముందు గదిలో, మగవాళ్లు బయట టెంటు కింద కుర్చీల్లో. మాటలు మొదలయ్యాయి. చావింట్లో మాటలకేం కరువు?

"ఇంకొన్నొద్దులు ఉండేదంట పాపం. ఎవరో చెప్పిండ్రంట. అది ఇన్నంకనే మంచమెక్కిందంట."

"అంతవరకు మిషను కుట్టిందంట గద?"

"అదే మరి. దిల్ పడిపోయిందంట."

అందరూ పాపం పాపం అంటున్నారు. ఎవరి పేరూ లేదు. ఎవరూ చెయ్యని పని, ఎవరూ చెప్పని మాట, దానంతటదే వచ్చి మా అక్కను చంపేసింది. అన్న లోపలికి నీళ్ల కోసం వచ్చాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎవడు చెప్పిండో గాని, వాని నోట్ల మన్నువడ" అన్నాడు. "వాడు బాగుపడడు. నా చెల్లెను తిన్నడు వాడు."

అక్క నా వేలు ఎందుకు నొక్కిందో నాకు తెలుసు. నేను ఊరుకుంటే గడిచిపోయేది. అక్క "నాకే తెల్సింది" అంది కదా, ఆమె మాట మీద గడిచిపోయేది. నలుగురిలో ఆ "ఎవరో" అలాగే ఉండిపోయేది. కానీ మా అక్క నన్ను ఒకటే అడిగింది, నువ్వేమంటవ్ అని. ఆమె అడిగిందానికి నేను జవాబిచ్చాను. ఆ జవాబును దిక్కులేని మాటలా ఆ గదిలో వదిలేసి రావడం నాకు చేతకాలేదు.

"ఎవడో కాదన్నా. నేనే చెప్పిన" అన్నాను.

అన్న నా వైపు తిరిగాడు. ఆ మొహంలో మొదట కోపం లేదు. అర్థం కానట్టు చూశాడు.

"నా మీద ఒట్టేసి?"

"ఒట్టేసి."

"ఏమని చెప్పినవ్?"

"కత్తెర పెట్టకక్కా అన్న."

ఆయనకు అర్థం కాలేదేమో అనుకున్నాను. అర్థమైంది. గ్లాసు కింద పెట్టి, బయటికి పోయి, చెప్పులేసుకుని, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. ఎవరో వెనక నుంచి పిలుస్తూ పోయారు, ఆగలేదు.

నేను చెప్పకపోతే అక్క ఇంకొన్నాళ్లు ఉండేదా? ఉండేదేమో. చేతిలో పనున్నంత వరకు లేచి కూర్చున్న మనిషి, సంచులన్నీ పోయాకే పడుకుంది. ఇది నా కళ్లారా చూశాను, కాదనను. అన్న అన్నది అబద్ధమని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. నేను చేసింది తప్పని కూడా అనలేను. క్వాలిటీ మేడమ్ అన్నట్టు, నాకు తెల్వదు అని రాయడానికి పెద్ద గుండె కావాలి. నాకు తెలియదు. ఆ మాట రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

అన్నకు ఫోన్ చెయ్యరాదా అంటారు. చేశాను. ఎత్తడు. పుప్పాలగూడకు పోయాను కూడా. గేటు దగ్గర కుర్రాడితో సార్ రౌండ్‌కు పోయిండు అనిపించాడు. లోపల ఆయన టోపీ బల్ల మీద కనిపిస్తూనే ఉంది. నాన్నలాంటివాడని చెప్పానే, ఆ నాన్న ఇప్పుడు మా ఇంటికి ఇరవై కిలోమీటర్లలో ఉండి కూడా లేడు.

ఆయన సంగతులు మాత్రం తెలుస్తుంటాయి. మొన్న బావ ఫోన్ చేశాడు. అన్న కొత్త సైటుకు మారాడంట. షుగర్ బాగా పెరిగిందంట, కాలికి పుండైతే మానడం లేదంట. నేను రావాలా అని అడగమన్నాను. బావ అడిగాడు. వద్దన్నాడంట.